ఇంట్లో అడిగి రండి

తిరుపతిలో పుట్టి పెరిగిన మా వయసు వాళ్లకు బడి వేరు, గుడి వేరు అని ఎప్పుడూ అనిపించలేదు. మేముండింది తీర్థకట్ట వీధిలో. గోవిందరాజస్వామి గుడి మైకులో సుప్రభాతం మొదలైతే నిద్ర లేచేవాళ్లం, గుడి గంట వింటూ జడలు వేయించుకుని బడికి బయల్దేరేవాళ్లం. క్లాసులో ఎప్పుడు చూసినా ఒకరిద్దరు గుండుతో, దాని మీద గంధం పూతతో కూర్చుని ఉండేవాళ్లు. ఎవరింటికి చుట్టాలొచ్చి కొండకు పోయొచ్చినా మర్నాడు లడ్డు తునక నోటుబుక్కు కాగితంలో బడికి వచ్చేది. ఆ కాగితానికి అంటిన నెయ్యి మరక, పచ్చకర్పూరం వాసన మా లెక్కల పుస్తకాల్లో కూడా ఉండేవి.

పరీక్ష కాగితం చేతికివ్వగానే నేను పైన శ్రీకారం చుట్టేదాన్ని. నా పక్కన కూర్చునే కొర్లగుంట అమ్మాయి 786 వేసేది. దాని పక్కనున్న అమ్మాయి మార్జిన్‌లో చిన్న సిలువ గీసుకునేది. మా సైన్స్ అయ్యోరు ఆ మూడు కాగితాలూ ఒకేలా దిద్దేవారు. ఆయన ఎర్ర సిరా ఎప్పుడూ ఆ గుర్తుల కింది నుంచే మొదలయ్యేది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలప్పుడు మాత్రం ముందుగానే పిలిచి, "పేపరు మీద ఏ గుర్తూ పెట్టొద్దండి. దిద్దేవాళ్లకు మీరెవరో తెలీకూడదు. దేవుణ్ణి మనసులో తలుచుకోండి, చాలు" అని చెప్పారు. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, నేను మొదటి పరీక్ష రోజున బల్ల మీద వేలితో శ్రీ రాసి, ఆ తర్వాతే పెన్ను తీశాను.

ఆయన గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది. పేరు రాయను. ఆయన బతికున్న రోజుల్లోనే తన గురించి ఎవరైనా నాలుగు మాటలు గొప్పగా చెప్పబోతే లేచి వెళ్లిపోయేవారు.

ఆయన గొప్ప భక్తులు. నుదుట సన్నగా ఒక్క ఎర్రటి శ్రీచూర్ణం గీత. శనివారం ఒక్కపొద్దు. అలిపిరి నుంచి కొండకు మెట్లు మూడువేల అయిదువందల చిల్లర ఉన్నాయి కదా, నెలకోసారి ఆ మెట్లన్నీ ఎక్కి స్వామిని చూసి వచ్చేవారు. వాళ్ల నాయన పౌరోహిత్యం చేసిన మనిషి. ఇంట్లో పాత పంచాంగాలు గుడ్డలో మూటకట్టి అటక మీద ఉండేవి. ఆ మూట సంగతి తర్వాత చెప్తాను.

భక్తి అనేది మా బడిలో అందరు అయ్యవార్ల దగ్గరా ఉండేది. అది ఒక్కొక్కరి పాఠంలో ఒక్కోలా దిగేది. మా తెలుగు పండితులు భాగవత పద్యం ఎత్తుకుంటే కళ్లు చెమర్చేవి, గొంతు పూడుకుపోయేది. ఆ భక్తే లేకపోతే ఆ పద్యాలు మాకు ఒంటబట్టేవి కావని ఈరోజుకీ నమ్ముతాను. క్లాసు మొత్తమ్మీద ఆ పద్యాలను ఒక్క తప్పు లేకుండా, రాగం తప్పకుండా చదివేది ఎవరనుకున్నారు? కొర్లగుంట అమ్మాయే. పండితులు దాని చేత రెండు సార్లు చదివించుకుని, "సరస్వతి నీ నాలిక మీదుంది తల్లీ" అనేవారు. అది ఇంటికి పోయి సాయంత్రం మదరసాలో ఖురాన్ చదువుకునేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది వచ్చింది పొద్దుటి ప్రార్థన దగ్గర. కొత్తగా వచ్చిన ఒక మాస్టరు ప్రార్థనప్పుడు అందరూ చేతులు జోడించి కళ్లు మూసుకోవాల్సిందే అని పట్టుబట్టారు. మా స్నేహితురాలు నిటారుగా నిలబడేది, నోరు మెదిపేది కాదు, చేతులు జోడించేది కాదు. వాళ్ల అబ్బాజాన్ అలాగే ఉండమని చెప్పి పంపారు. ఆ మాస్టరు ఒకరోజు అందరి ముందూ దాని వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టారు. అది ఏడవలేదు. ఏడ్చింది నేను. సైన్స్ అయ్యోరు ఆ మాస్టరును పక్కకు తీసుకెళ్లి ఏం మాట్లాడారో మాకు వినబడలేదు గానీ, మర్నాటి నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు. ఆ రోజు మధ్యాహ్నం పాఠం మొదలుపెట్టే ముందు మాత్రం మాతో ఒక మాట అన్నారు: "ఒకరి ఇంట్లో నేర్పింది బళ్లో కొట్టి మాన్పించకూడదు. బళ్లో చెప్పే పాఠం ఇంటివాళ్లు వద్దన్నారని ఆపకూడదు. రెండూ గుర్తుపెట్టుకోండి." ఆ మాటలోని రెండో సగం నాకు అర్థం కావడానికి గ్రహణం రావాల్సి వచ్చింది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. మేం తొమ్మిదో తరగతి. ఆ సూర్యగ్రహణం మన రాష్ట్రంలో కొన్ని చోట్ల సంపూర్ణం. హైదరాబాదు దగ్గర రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరికరాలు సర్దుకుని ఎదురుచూస్తున్నారని పేపర్లలో వచ్చింది. మా తిరుపతిలో పాక్షికమే అయినా సూర్యుడిలో చాలా భాగం మూసుకుపోతుందన్నారు. వారం ముందు నుంచే ఊళ్లో అదే మాట. కొండ మీద తలుపులు మూస్తారు, కింద గోవిందరాజస్వామి గుడీ మూస్తారు, ఆ వేళకు అన్నం ముట్టకూడదు, నీళ్లు తాగకూడదు.

మా ఇంట్లో ఆ భయం ఇంకాస్త ఎక్కువ. పిన్నమ్మ కాన్పుకు వచ్చి ఉంది, ఏడో నెల. అవ్వ ఆమెకు ముందే గట్టిగా చెప్పిపెట్టింది: గది దాటకూడదు, కత్తిపీట ముట్టకూడదు, గోరు గిల్లకూడదు, పడుకుంటే కదలకూడదు. కదిలితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుంది. ఊరగాయ జాడీల్లో, బియ్యం డబ్బాలో, మంచినీళ్ల బిందెలో దర్భలు వేసింది. కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది.

మా అందరి కళ్ల ముందూ ఆ మొర్రి ఒకటి ఉంది. మా క్లాసులో చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి. పై పెదవి ముక్కు దాకా చీలి ఉండేది. ఎప్పుడూ ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడేది. పిల్లలు దాన్ని ఏమని పిలిచేవాళ్లో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. వాళ్లమ్మ గుడి దగ్గర పూలు కట్టి అమ్మేది. గ్రహణంలో కూరగాయలు తరిగింది కాబట్టే బిడ్డకు అలా అయిందని ఊరంతా చెప్పుకునేది. చెప్పిందెవరంటే ఆమె అత్తే. ఆ తల్లి మా అవ్వ లాంటి పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు తల ఎత్తేది కాదు. పూలు కొలిచి ఇచ్చి, డబ్బులు తీసుకుని, చూపు కిందికే. పిల్ల మొహం చూసిన ప్రతిసారీ తనే తప్పు చేశానని అనుకుంటూ బతికిన మనిషి.

గ్రహణానికి రెండు రోజుల ముందు అయ్యోరు బోర్డు మీద మూడు వృత్తాలు గీసి పాఠం చెప్పారు. రాహువు కథను ఎగతాళి చేయలేదు. "ఆ కథ మా అమ్మ చెప్పింది, మీ అమ్మా చెప్పుంటుంది. కథగా బాగుంటుంది. కానీ మన దేశంలోనే ఆర్యభటుడు పదిహేను వందల ఏళ్ల కిందటే చెప్పినాడు, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని. పంచాంగం రాసేవాళ్లు గ్రహణం పట్టేదీ విడిచేదీ గంటా నిమిషాలతో ముందే రాస్తారే, ఎట్లా రాస్తారు? రాహువు వాళ్లకు కబురు పెట్టడు కదా. లెక్క కట్టి రాస్తారు" అన్నారు. ఆ తర్వాత చెప్పిన మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "మన కొండ మీద గ్రహణానికి తలుపులు మూస్తారు. నలభై కిలోమీటర్లు కూడా లేని కాళహస్తిలో అదే గ్రహణానికి గుడి తెరిచిపెట్టి అభిషేకం చేస్తారు. రెండూ మన దేవుళ్లే. ఆచారం ఊరికొక తీరుగా ఉంటుంది, ఉండనీండి. సూర్యుడి లెక్క మాత్రం కాళహస్తిలోనైనా తిరుపతిలోనైనా ఒకటే."

శనివారం ఒంటిపూట బడి. బడి అయిపోయాక మధ్యాహ్నం గ్రహణం చూపిస్తానన్నారు. చూడాలనుకున్నవాళ్లు రావచ్చు, రాకపోయినా ఏమీ అనను అని, చివర్లో వేలెత్తి చెప్పారు: "ఇంట్లో అడిగి రండి. అడక్కుండా వచ్చినవాళ్లను లోపలికి రానివ్వను."

అవ్వను అడగడమంటే మాటలా! "ఏమే, గ్రహణం పట్టే యాళకు ఆడపిల్ల బయటికి పోతుందా?" అని గయ్యిమంది. "బయటికి కాదవ్వా, గదిలోనే. గోడ మీద చూపిస్తారంట" అన్నాను. గోడ మీద సూర్యుడేందని ఆమెకు నమ్మకం కుదరలేదు. నాయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఆయన కల్పించుకుని, "ఆ అయ్యోరు శనివారం ఒక్కపొద్దుండే మనిషమ్మా, పిల్లలను చెడగొట్టే రకం కాదు" అన్నాడు. చివరికి అవ్వ ఒప్పుకుంది. షరతులు రెండు: జడలో దర్భ పోచ పెట్టుకోవాలి, రాగానే తలకు పోసుకోవాలి. రెండింటికీ సరేనన్నాను.

క్లాసు గదిలో తలుపులు కిటికీలు మూసేసి, ఒక్క తలుపు కొంచెం ఓరగా తెరిచారు. అరచేతిలో సగం ఉండే అద్దం ముక్కకు కాగితం అంటించి, మధ్యలో చిన్న కంత పెట్టారు. దాన్ని బయట ఎండలో ఇటుకల మధ్య నిలబెట్టి, వెలుగు గదిలోపలి గోడ మీద పడేలా తిప్పారు. సున్నం వేసిన గోడ మీద గుండ్రటి సూర్యుడు వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి ఒక అంచు కొరికినట్టయింది. సూర్యుడు కదులుతున్నకొద్దీ బొమ్మ గోడ మీద పక్కకు జరిగిపోయేది, అయ్యోరు వెళ్లి అద్దం సర్ది వచ్చేవారు. ఎవరూ ఆకాశం వైపు చూడకూడదని ఒట్టు వేయించుకున్నారు. కంటి లోపలి పొర కాలిపోయినా నొప్పి తెలియదని, తెలిసేసరికి చూపు పోతుందని చెప్పారు. మెల్లగా గోడ మీది సూర్యుడు కొడవలి అయ్యాడు. బయట ఎండ పలచబడి, అదోరకం బూడిద వెలుగు. బడి ఆవరణలో చింతచెట్టు కింద నేల నిండా చిన్న చిన్న కొడవళ్లు. ఆకుల సందుల్లోంచి పడిన వెలుగులన్నీ అదే ఆకారం. వాటిని గుమ్మంలో నిలబడి చూశాం. చివరి బెంచీ అమ్మాయి కూడా వచ్చింది. అది మొట్టమొదటిసారి నోటి మీంచి కొంగు తీసి, "అయ్యోరూ, అక్కడ చూడండి, ఎన్ని సూర్యుళ్లో" అని గట్టిగా అరిచింది.

గ్రహణం విడిచాక అయ్యోరు విడుపు స్నానానికి ఇంటికి బయల్దేరారు. మాలో ఒకడు ఉండబట్టలేక అడిగేశాడు: "రాహువు లేడన్నారు కదా అయ్యోరూ, మరి స్నానం ఎందుకు?"

ఆయనకు కోపం రాలేదు. "నేను స్నానం చేస్తే సూర్యుడికి ఒరిగేదేమీ లేదురా. మా అమ్మ తడిగుడ్డతో కూర్చుని నాకోసం చూస్తుంటుంది, నేను పోసుకుంటేనే ఆమె ముద్ద ముడుతుంది. నాకూ ఆ నీళ్లు పోసుకుంటే మనసుకు బాగుంటుంది. అది నా ఇంటి సంగతి. పరీక్షలో రాహువు మింగినాడని రాస్తే మాత్రం సున్నా వేస్తా" అన్నారు.

తర్వాతి వారంలో ఆ పూలమ్మే తల్లిని బడికి పిలిపించారు. ఒక్కదానికే భయమేసి కూతురు నన్నూ తోడు రమ్మంది. స్టాఫ్ రూములో ఎవరూ లేని సమయం. బల్ల మీద ఆ పంచాంగాల మూట. ఎర్రటి గుడ్డ, ముళ్లు బిగుసుకుపోయి పంటితో లాగి విప్పారు. కాగితాలు పసుపుపచ్చగా, అంచులు పొడిపొడిగా. ముందు ఆమెను కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. ఆయనా కూర్చోలేదు.

"పాప ఎప్పుడు పుట్టిందమ్మా?"

"విశ్వావసు జ్యేష్ఠంలో అయ్యోరూ."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. కడుపులో బిడ్డకు పై పెదవి మొదటి రెండు నెలల్లోనే తయారవుతుందని, రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుందని, ఎందుకో కొందరిలో కలవకుండా ఆగిపోతుందని, అప్పటికి చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలియదని నిదానంగా చెప్పారు. ఆ తర్వాత విశ్వావసుకు ముందటిదైన క్రోధి నామ సంవత్సరం (1964-65) పంచాంగం తీసి, భాద్రపదం, ఆశ్వయుజం పుటలు తిప్పి ఆమె ముందు పెట్టారు. ఆమెకు చదువు రాదు. కూతురి చేత చదివించారు. పున్నమి, అమావాస్య, పున్నమి, అమావాస్య. ఎక్కడా గ్రహణం లేదు.

"ఏ గ్రహణంలో కూరలు తరిగినావమ్మా నువ్వు?"

ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకు గుర్తు లేదయ్యోరూ. తరిగినానని మా అత్త చెప్పింది" అంది.

ఏళ్ల తర్వాత నేను కూడా చూసుకున్నాను. నాసా వాళ్ల గ్రహణాల పట్టికలో 1964 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, తిరుపతిలోనే కాదు, భూమ్మీద ఎక్కడా ఏ గ్రహణమూ లేదు. పద్నాలుగేళ్లు ఆ తల్లి మోసిన నింద అది. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు రాయడం నా వల్ల కాదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన కావాలంటే "ఇదంతా మూఢనమ్మకం" అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. ఆమె నమ్మేది కాదు. ఆమె నమ్మే పంచాంగాన్నే తెచ్చి ఆమె ముందు తెరిచారు. నేను తర్వాత ఎన్ని శిక్షణా తరగతులకు వెళ్లినా ఇంతకంటే గొప్ప బోధన చూడలేదు.

ఆ వేసవిలో అయ్యోరే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చి పంపారు. 1900లో ఐడా స్కడర్ అనే అమెరికా మిషనరీ డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆసుపత్రి అది, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు అప్పటికీ ఇప్పటికీ పెద్ద దిక్కు. పెదవి కుట్టించుకుని వచ్చింది ఆ అమ్మాయి. సన్నటి మచ్చ మిగిలింది. మా పిన్నమ్మకు ఏప్రిల్‌లో మగపిల్లాడు పుట్టాడు, నిక్షేపంగా. అవ్వ ఆ పుణ్యం దర్భలదేనంది, నేను వాదించలేదు.

పదో తరగతిలో ఇంకోటి జరిగింది, అది కూడా చెప్పాలి. మా లెక్కల మాస్టరుకు దశావతారాలంటే మహా ఇష్టం. చేప, తాబేలు, పంది, సగం మృగం సగం మనిషి, పొట్టివాడు, ఆ తర్వాత పూర్తి మనిషి. డార్విన్ 1859లో చెప్పింది మనవాళ్లు ఎప్పుడో చెప్పారు అనేవారు. మాకు ఎంత గర్వంగా ఉండేదో! సైన్స్ అయ్యోరు పరిణామం పాఠం చెప్తున్నప్పుడు నేనే లేచి ఆ మాట చెప్పాను, మెచ్చుకుంటారని. ఆయన కాసేపు ఆలోచించి, "పోలిక ముచ్చటగా ఉంది. కానీ అవతారమంటే భక్తుల కోసం స్వామి కావాలని దిగిరావడం. పరిణామమంటే ఎవరి ఉద్దేశమూ లేకుండా తరతరాలుగా, లక్షల ఏళ్లు జరిగే మార్పు. కూర్మానికి వరాహం పుట్టలేదు. ఈ రెంటినీ కలిపితే పాఠమూ చెడుతుంది, భక్తీ చెడుతుంది" అన్నారు. నాకు అప్పుడు చిన్నబుచ్చుకున్నట్టయింది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేశారని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మాటే. పై తరగతిలో ఉంది కదా అన్నారు. పదితో సైన్స్ ఆపేసే పిల్లలు ఎంతమంది ఉంటారో బళ్లో పనిచేసినవాళ్లకు తెలుసు. వాళ్లు ఇక ఆ పాఠం ఎప్పుడు వింటారు?

నేను బి.ఎడ్. చదివేటప్పుడు ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని రాజ్యాంగం 28వ అధికరణం మొదటిసారి చదివాను. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బళ్లలో మతబోధ చేయకూడదు. మతబోధ చేయాలన్న షరతుతో దాతలో, ధర్మనిధులో నెలకొల్పిన సంస్థలను ప్రభుత్వం నిర్వహిస్తుంటే వాటికి మినహాయింపు ఉంది. మూడో భాగం దగ్గర నేను ఆగిపోయాను. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న ఏ బడిలోనైనా మతబోధకు గానీ, ఆరాధనకు గానీ పిల్లలు హాజరు కావాలంటే వాళ్ల ఇష్టం ఉండాలి, మైనర్లయితే పెద్దవాళ్ల సమ్మతి ఉండాలి. "ఇంట్లో అడిగి రండి" అన్నది మా అయ్యోరు ఒక్కరి మంచితనం మాత్రమే కాదని, ఈ దేశపు చట్టంలోనే ఉందని తెలిసి ఆ రోజు లైబ్రరీ మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో.

అదే లైబ్రరీలో అమెరికా సంగతి కూడా చదివాను. టెనెసీ రాష్ట్రంలో డేటన్ అనే ఊళ్లో 1925లో జాన్ స్కోప్స్ అనే మాస్టరు మీద, మనిషి పరిణామం గురించి బళ్లో చెప్పాడని కేసు పెట్టి, నూరు డాలర్లు జరిమానా వేశారు. పై కోర్టు తర్వాత ఆ జరిమానా కొట్టేసినా చట్టం మాత్రం 1967 దాకా అలాగే ఉంది. బైబిలు నమ్మే ఊరు, పాఠం చెప్పిన మాస్టరు. మా ఊరికీ ఆ ఊరికీ నడుమ సముద్రాలు. ఐనా చదువుతుంటే ఏదో తెలిసిన వీధిలో నడుస్తున్నట్టే అనిపించింది.

డీఎస్సీలో ఉద్యోగం రాకముందు ఒక ప్రైవేటు బడిలో పనిచేశాను. యాజమాన్యం మంచి భక్తిపరులు, జీతాలు వేళకిచ్చేవాళ్లు. యూనిట్ టెస్టుల్లో శ్లోకాలకని కొన్ని మార్కులు పెట్టారు. వేరే మతం పిల్లాడొకడు, చదువులో ముందుండేవాడు, ఆ మార్కులు పోయి వెనకబడేవాడు. వాళ్ల నాయన వచ్చి అడగడానికి కూడా భయపడ్డాడు. నేను 28వ అధికరణం రాసుకుని తీసుకెళ్లి చూపిస్తే, "ఇష్టం లేకపోతే వేరే బడి చూసుకోమనండమ్మా" అన్నారు. ఆ సంవత్సరమే మా చెల్లెలి కూతురు చదివే ఇంకో బడిలో, వాళ్లది వేరే మతం యాజమాన్యం, గేటు దగ్గరే పిల్ల బొట్టు తుడిపించారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నుదురు రుద్దుకుంటూ, "పెద్దమ్మా, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. రెండు చోట్లా నొచ్చుకున్నది చిన్నపిల్లలే. రెండు చోట్లా పెద్దవాళ్లకు తాము మంచే చేస్తున్నామని గట్టి నమ్మకం. నేనూ వెంకన్నను నమ్ముకున్నదాన్నే, ఈ వయసులోనూ మెట్లెక్కే పోతాను. పిల్లాడి మార్కులు కోసి పెట్టే భక్తి స్వామికి చేరుతుందని మాత్రం నేను నమ్మను.

1995 అక్టోబర్ 24. దీపావళి మర్నాడు ఉదయం సూర్యగ్రహణం. అప్పటికి పాకాల దగ్గరి ఒక పల్లె హైస్కూల్లో సైన్స్ టీచరుగా ఉన్నాను. అప్పటికి కాలం కొంత మారింది. దూరదర్శన్‌లో గ్రహణాన్ని నేరుగా చూపించారు, జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా తిరిగి భయపడొద్దని చెప్పేవాళ్లు. పిల్లలకు ముందే చెప్పాను, ఇంట్లో అడిగి రమ్మని. చాలామంది వచ్చారు. అద్దం ముక్క, కంత పెట్టిన కాగితం, బడి గోడ. ఆడపిల్లలే ఎక్కువ, అది చూసి నా కడుపు నిండిపోయింది. తరగతిలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగే కుర్రాడు మాత్రం రాలేదు. ముందురోజు సాయంత్రం వాళ్ల నాయన బడికొచ్చి, "మా వాణ్ణి పంపనమ్మా, మాకు ఆచారముంది, మా ఇంటిదానికి నెలలు కూడా" అని చేతులు కట్టుకుని చెప్పాడు. సరేనన్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆ నెల జీతం తీసుకున్నాక తిరుపతి పోయి అయ్యోరిని చూశాను. అప్పటికి రిటైరై భవానీ నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. చూపు మందగించింది, నుదుటి గీత కొంచెం వంకరగా పెట్టుకున్నారు. గ్రహణం సంగతంతా చెప్పాను. ఎంతమంది వచ్చారు, గోడ మీద బొమ్మ ఎంత వచ్చింది, అద్దానికి కంత ఎంత పెట్టినావు, అన్నీ అడిగారు. ఆ కుర్రాడి సంగతి చెప్తే కుర్చీలో ముందుకు జరిగారు.

"వాళ్ల నాయనతో వాదులాడినావా?"

"లేదయ్యోరూ."

"తర్వాత వాడికి పాఠం చెప్పినావా? అందరితో పాటు?"

"చెప్పినాను. బోర్డు మీద మూడు వృత్తాలు వాడి చేతనే గీయించినాను."

"పరీక్షలో ఇచ్చినావా ఆ ప్రశ్న?"

"ఇచ్చినాను."

"ఏం రాసినాడు?"

"చంద్రుడు అడ్డం వచ్చినాడనే రాసినాడు. పదికి తొమ్మిది వేసినాను."

"ఒకటెందుకు తగ్గించినావు?"

"బొమ్మలో చంద్రుణ్ణి సూర్యుడంత గీసినాడయ్యోరూ."

"సరే, న్యాయమే" అని, లోపలికి చూస్తూ కోడలితో నాకు కాఫీ పెట్టమన్నారు.